గడ్డ ఉన్నంత మాత్రాన గర్భసంచి తీసేయాలా?



గర్భసంచిలో ఫైబ్రాయిడ్ గడ్డలుంటే పిల్లలు పుట్టడం కష్టమని మీ పత్రిక ఆరోగ్యం పేజీలో రాశారు. గడ్డ ఎక్కడుందో చెప్పకుండా ఆ మాట అనేస్తే ఆడవాళ్లు బెంబేలెత్తిపోతారు. సంచి లోపలికి చొచ్చుకొచ్చిన గడ్డ పిండాన్ని కుదురుకోనివ్వదు. దాన్ని తీయించుకుంటే అవకాశం మెరుగవుతుంది. బయటి వైపు పెరిగిన గడ్డ సాధారణంగా గర్భానికి అడ్డు కాదు. కండరంలో ఉన్నదాని సంగతి దాని సైజును బట్టి, లోపలి పొరను నొక్కుతోందా అన్నదాన్ని బట్టి తేలుతుంది.

పలమనేరులో ఉండే మా ఆడబిడ్డకు స్కానింగ్‌లో నాలుగు సెంటీమీటర్ల గడ్డ కనిపించింది. "సంచి తీసేస్తే పీడా పోతుంది" అన్నారు ఒక క్లినిక్‌లో. తిరుపతి ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలో అదే రిపోర్టు చూసి, గడ్డ బయటి గోడకుంది, ఆపరేషన్ అక్కర్లేదన్నారు. మరుసటి ఏడాది ఆమె బిడ్డను ఎత్తుకుంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో సుమారు 3 శాతం, మన రాష్ట్రంలో దాదాపు 9 శాతం. ఇది మనందరినీ కలవరపెట్టాల్సిన లెక్క. ఫైబ్రాయిడ్లు దాదాపు అన్నీ క్యాన్సర్ కానివే. పిల్లలు కావాలనుకునేవారికి గడ్డను మాత్రమే తీసి సంచిని నిలిపే మయోమెక్టమీ ఆపరేషన్ ఉంది. భర్తకూ వీర్యపరీక్ష చేయించాలి. నెపమంతా గడ్డ మీదకు నెట్టకూడదు.

రక్తస్రావం ఎక్కువైతే వైద్యం ఆలస్యం చేయొద్దు. కానీ అక్కచెల్లెళ్లారా, సంతకం పెట్టేముందు గడ్డ ఎక్కడుంది, సంచి నిలుపుకునే దారి ఉందా అని అడగండి. ఇంకో డాక్టరుకు చూపించండి.

— ఒక పాఠకురాలు, చిత్తూరు