పాత మాత్రా? కొత్త మాత్రా?

మా ఆడపడుచుకి స్కిజోఫ్రీనియా. ఈ ఒక్క మాట రాయడానికి నాకు 15 ఏళ్లు పట్టింది. నందివెలుగులో ఎవరైనా అడిగితే "నరాల బలహీనత" అని దాటేసేవాళ్లం.

మొదట గుంటూరులో డాక్టరుగారు హాలోపెరిడాల్ రాశారు. చెవిలో వినపడే మాటలు తగ్గాయి. కానీ చేతులు వణికేవి, మెడ బిగుసుకుపోయేది. సంక్రాంతికి వీధి పొడవునా ముగ్గులేసే పిల్ల వరసగా నాలుగు చుక్కలు పెట్టలేకపోయింది. "మాత్రలే నా పిల్లని బొమ్మని చేశాయి" అంటూ అత్తయ్య ఎవరికీ చెప్పకుండా ఆపేశారు. నెల తిరక్కుండానే ఓ అర్ధరాత్రి తలుపు తీసుకుని తెనాలి రోడ్డెక్కేసింది.

తర్వాత ఓలాంజపిన్‌కి మార్చారు. వణుకు పోయింది, ముగ్గు తిరిగొచ్చింది. అందరం సంబరపడ్డాం. ఏడాదిలో 14 కిలోలు పెరిగింది, షుగరూ వచ్చింది. "పాతదే నయమేమోనే" అన్నారు అత్తయ్య.

నేనూ కొత్తదంటే మంచిదనే అనుకునేదాన్ని. హాలోపెరిడాల్ 1958లో కనిపెట్టింది, ఓలాంజపిన్ 1996లో వాడకంలోకొచ్చింది. మరి 2005లో అమెరికాలో దాదాపు 1,500 మంది మీద ఒక పాత మందునీ, నాలుగు కొత్త మందులనీ పోల్చి చూస్తే, పాతది పెద్దగా వెనకబడలేదు. ఓలాంజపిన్‌ని కొంచెం ఎక్కువకాలం వాడారు గానీ, బరువూ షుగరూ దాంతోనే ఎక్కువ. మొత్తం మీద ఏడాదిన్నరలోపే నూటికి 74 మంది తమకిచ్చిన మందు మానేశారు. అంటే అసలు కష్టం మాత్ర దొరకడం కాదు, రోజూ మింగగలగడం.

ఆడపిల్లలకి ఇంకో బాధ ఉంది. హాలోపెరిడాల్ లాంటి పాతవాటితోనూ, కొత్తవాటిలో రిస్పెరిడోన్‌తోనూ నెలసరి ఆగిపోవచ్చు, పాలు కూడా రావచ్చు. పెళ్లికాని పిల్లకి అలా జరిగితే ఇంట్లో ఎన్ని అనుమానాలో! అది మందు వల్లేనని ముందే చెప్పేవాళ్లు ఎంతమంది?

ఒకరోజు అన్నం వడ్డిస్తూ తననే అడిగాను. "వదినా, వణుకైనా ఓర్చుకుంటాను గానీ ఈ ఆకలి ఓర్చుకోలేకపోతున్నా" అంది. ఇన్నేళ్లలో ఆ ప్రశ్న మేమెవరం అడగలేదు. ఆ మాటే డాక్టరుగారికి చెప్పాం. ఆయన కొద్దికొద్దిగా తగ్గిస్తూ, బరువు అంతగా పెంచని అరిపిప్రజోల్‌కి మార్చారు. ఇంకా పూర్తిగా కుదుటపడలేదు, కానీ మాత్ర తనే అడిగి వేసుకుంటోంది.

మీ ఇంట్లోనూ ఇలాంటివాళ్లుంటే ఒక్క పని చెయ్యండి. గోడమీద క్యాలెండర్లో నిద్ర, బరువు, వణుకు, నెలసరి రాసిపెట్టి డాక్టరుగారికి చూపించండి. షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలు ఎప్పుడెప్పుడు చేయించాలో అడగండి. సొంతంగా మాత్రం ఆపకండి. ఎవరినడగాలో తెలియకపోతే 14416 టెలీమానస్‌కి ఫోన్ చెయ్యండి, తెలుగులోనే మాట్లాడతారు.

పాతదా కొత్తదా అన్నది డాక్టరుగారు చూసుకుంటారు. ఏ బాధ ఓర్చుకోగలదో మాత్రం ఆ మాత్ర మింగే మనిషే చెప్పాలి. మనం అడగాలి.