డబ్బు చేతికందే రోజు

1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైన భిలాయిలో, ఉక్కు కర్మాగారాన్ని నమ్ముకుని లేత్ షెడ్డు పెట్టాలనుకునే తెలుగువారి కోసం ఈ సంచిక. లాభం లెక్క అందరూ వేస్తారు. ముందు వేయాల్సింది డబ్బు చేతికందే రోజు లెక్క. ఇనుము, కరెంటు, కూలి ఇవాళే కట్టాలి. బిల్లు సొమ్ము మూడు నెలలకు వస్తే, కాగితం మీద లాభాల్లో ఉన్న షెడ్డు కూడా అప్పుల్లో కూరుకుపోతుంది.

చట్టం లేదా అంటారు. ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం, నమోదైన చిన్న సంస్థ సరఫరా చేసిన సరుకుకు 45 రోజుల్లోపు చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. కానీ మళ్లీ ఆర్డరు రాదేమోనని ఫిర్యాదుకు వెనకాడేవారిని ఆ వడ్డీ ఆదుకోదు. ఆ భయం తప్పనలేను. అందుకే మూడు నెలల ఖర్చు దగ్గరుంచుకుని, రెండో కొనుగోలుదారును వెతుక్కున్నాకే షట్టరెత్తమంటాను. ఆ చట్టం రక్షణకు కావాల్సిన ఉద్యమ్ నమోదు ఉచితం. మొదటి బిల్లుకు ముందే చేయించండి.