వడుగపాళయం అన్నదెవరు?

పొల్లాచ్చిలో వడుగపాళయం అని ఒక పేట ఉంది. వడక్కు అంటే ఉత్తరం. ఉత్తరాన్నుంచి దిగిన తెలుగువాళ్లను తమిళులు వడుగులన్నారు. ఏ తెలుగువాడూ తన ఊరికి తానే ‘ఉత్తరాదివాళ్ల పాళెం’ అని పేరు పెట్టుకోడు కదా. ఇది ఇరుగుపొరుగు పెట్టిన పేరే. ఐర్లండులో డొనెగాల్ కథా ఇంతే. ఐరిష్ భాషలో అది ‘పరాయివాళ్ల కోట’. ఆ పరాయివాళ్లు వైకింగులంటారు.

మనవాళ్ల పేర్లు మోసే ఊళ్లు వేరే ఉన్నాయి. కోయంబత్తూరులో మేట్టుపాళయం రోడ్డు పట్టుకుంటే ముందు నరసింహనాయక్కన్‌పాళయం, తర్వాత పెరియనాయక్కన్‌పాళయం. పెరియ తమిళం, నాయకుడు మనవాడు, పాళయం ఇద్దరిదీ. పాళెం అంటే ఏమిటో నెల్లూరు వాళ్లకు వేరే చెప్పాలా? దండు దిగిన చోటు. 1529 ప్రాంతంలో మధుర విశ్వనాథ నాయకుడి చేతికి వచ్చాక, దళవాయి అరియనాథ ముదలియారు రాజ్యాన్ని 72 పాళయాలుగా పంచాడని ప్రతీతి. పాళెగాడు రాజుకు సైన్యం పంపాలి, కప్పం కట్టాలి, ఊళ్లను కాయాలి. అడవి కొట్టి, బావి తవ్వి నిలబెట్టిన ఊరికి అతని పేరే అంటుకుంది.

అలాగని పాళయం కనిపించిన చోటల్లా మనదే అనుకోవడం అత్యుత్సాహం. అదే రోడ్డు మీద గౌండంపాళయమూ ఉంది. పొల్లాచ్చి చుట్టుపక్కల ఊత్తుక్కుళి, సమత్తూరు జమీందార్లు తమిళ గౌండర్లే.

ఇలాంటి ఊరిపేర్ల మీద ఇప్పుడు సర్కారు చెయ్యీ పడుతోంది. 2020 జూన్‌లో తమిళనాడు ప్రభుత్వం 1,018 ఊళ్ల ఇంగ్లీషు స్పెల్లింగులు మార్చి, కొద్ది రోజులకే వెనక్కి తీసుకుంది. 2025 అక్టోబరులో వీధుల, ఊళ్ల పేర్లలోంచి కులం పేర్లు తీసేయాలని ఉత్తర్వు ఇచ్చింది. అదే నెలలో కోయంబత్తూరులో తెరిచిన ఫ్లైఓవర్‌కు ఆ ఊరి ఆవిష్కర్త జి.డి. నాయుడి పేరు, కులం తోకతో సహా, పెట్టింది! కులం తోకలు పోవాలి, అందులో పేచీ లేదు. కానీ నరసింహనాయక్కన్‌పాళయంలో ఉన్నది ఒక మనిషి పేరు, అతని హోదా. దాన్ని గొడ్డలితో నరికితే ఊరి పుట్టుక పోతుంది.

పేర్ల పుట్టుకను ఎలా దాచుకోవాలో మళ్లీ ఐర్లండునే చూడండి. 1824లో అక్కడ భూమి సర్వే మొదలైంది. ఆ కొలువులో చేరిన జాన్ ఓడోనవన్ ఊరూరా తిరిగి, ఐరిష్ మాట్లాడే ముసలివాళ్లనడిగి పేర్లు రాసుకున్నాడు. పటాల మీద ఇంగ్లీషు రూపమే ఎక్కింది కానీ, అతని ఉత్తరాలు మిగిలాయి. కోయంబత్తూరు, పొల్లాచ్చి ఉన్న కొంగునాట మనకు ఆ మాత్రం కాగితమూ లేదు.

పొల్లాచ్చి, ఉడుమలైపేట వైపు పాఠకులకు ఒక మనవి. మీ ఇంట్లో పెద్దలు ఊరిని, చేలను, బావులను ఏమని పిలుస్తారో, ఉన్నదున్నట్టు రాసి పంపండి. తెలుగు అక్షరాలు రాకపోతే తమిళంలోనే రాయండి, అచ్చు వేస్తాం.