క్లీనరు జీతం మిగిలింది సరే, వెనక ఎవరు చూస్తారు?

ట్రైలర్ లారీకి క్లీనరు దండగట. అద్దాలున్నాయి, కెమెరాలున్నాయి, డ్రైవరొక్కడు చాలట. పోర్టు కంటైనర్లూ, స్టీల్ ప్లాంటు సరుకూ మోసే బండ్లని గాజువాకలో రోజూ చూసే నాకు ఈ మాట మింగుడు పడదు.

ట్రైలర్ని వెనక్కి తియ్యడమంటే కారు తీసినట్టు కాదండీ. స్టీరింగు ఎడమకి తిప్పితే దాని తోక కుడికి పోతుంది. బండి మడత పడిందంటే ఒక పక్క అద్దం నిండా 40 అడుగుల పెట్టె గోడే. రెండో పక్క అద్దంలో ఆ తోక జాడే ఉండదు.

అమెరికాలో మనవాళ్ళు కారు వెనక చక్రాల గది తగిలించుకుని షికారుకి వెళ్తుంటారు. హైవే మీద అది అటూ ఇటూ ఊగకుండా రాపిడితో పట్టి ఉంచే కడ్డీ ఒకటి బిగిస్తారు. వెనక్కి తియ్యాలంటే ముందు ఆ కడ్డీ ఊడదియ్యాలి, లేకపోతే మలుపులో వంగిపోతుంది. ముందుకి పోయేటప్పుడు కాపాడేదే వెనక్కి వచ్చేటప్పుడు అడ్డం! ఆ తర్వాత ఒకరు దిగి, వెనక నిలబడి సైగ చెయ్యాలి. షికారు బండికే రెండో మనిషి కావాలంటే, టన్నుల ఉక్కు మోసే బండికి అక్కర్లేదా?

2019 జూలై నుంచి కొత్త కార్లకి వెనక సెన్సారు తప్పనిసరి. మంచిదే. కానీ సెన్సారు కూత పెడుతుంది, కెమెరా బొమ్మ చూపిస్తుంది. బడి నుంచి వచ్చే పిల్లాణ్ణి చెయ్యి పట్టి ఆపేది మాత్రం "రానీ... రానీ... ఆపాపు!" అని అరిచే ఆ కుర్రాడే.

అతను చేసేది పనే కాదంటున్నారు. ప్రమాదం జరగలేదంటే అక్కడొకడు పని చేశాడనే అర్థం. ఇంట్లో ఉండే ఆడవాళ్ళకి ఈ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు. మన పనీ ఆగిపోయిన రోజునే కదా కనిపించేది!

జీతం మిగిలేది యజమానికి. ఏదైనా జరిగితే కేసు డ్రైవరు మీద, ఏడుపు రెండిళ్ళలో. ఆ కుర్రాడి జీతం కిరాయిలో కలపండి. సరుకు ధర నాలుగు పైసలు పెరిగితే మేం కట్టుకుంటాం. వెనక మనిషి లేకుండా మాత్రం బండి వెనక్కి కదలకూడదు.