కంప్యూటరు లోకం: అప్‌డేట్ చేయవచ్చునా, కూడదా?

గత కొంతకాలముగా మాకు అందుతున్న ఉత్తరాలలో ఒకే ప్రశ్న పదేపదే కనిపిస్తున్నది. “ఫోను, కంప్యూటరు ఎప్పుడు చూచినా అప్‌డేట్ చేయమని అడుగుతున్నవి. చేస్తే ఏమగునో అని భయము, చేయకున్న మరొక భయము. ఏమి చేయమందురు?” ఈ నెల శీర్షికలో ఇందుకు సమాధానము చెప్ప ప్రయత్నిస్తాము. అందుకు ముందుగా మూడు సంఘటనలు మనవి చేస్తాము.

మొదటిది మన భాషకు సంబంధించినదే. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అను తెలుగు అక్షరము కారణముగా ఆపిల్ సంస్థ ఐఫోనులు స్తంభించినవి. ఆ అక్షరమును ఒక ప్రత్యేక వరుసలో, నడుమ కంటికి కనబడని ఒక గుర్తుతో కూర్చి సందేశముగా పంపినచో, దానిని తెరపై చూపబోయి ఫోను కుప్పకూలేది. బెంగాలీ లిపిలోని కొన్ని కూర్పులకూ ఇదే గతి పట్టినది. సంయుక్తాక్షరములు గల లిపులను తగినంతగా పరీక్షింపకపోవుటయే ఇందలి లోపమని మా అభిప్రాయము. ఫిబ్రవరి 19న విడుదలైన 11.2.6 అను అప్‌డేట్‌తో ఆ బాధ తొలగినది. అప్‌డేట్ ఇక్కడ మందు వలె పనిచేసినది.

రెండవది 2024 మార్చి నాటి మాట. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను మైక్రోసాఫ్ట్ ఇంజనీరు తన పరీక్షలలో, దూరపు కంప్యూటరులోనికి ప్రవేశించుటకు మామూలుకంటె సుమారు అర సెకను అధికముగా పట్టుట గమనించారు. అర సెకనే కదా అని వదలక కారణము వెదికారు. లినక్స్ వ్యవస్థలలో ఫైళ్లను కుదించుటకు వాడే ‘ఎక్స్‌జెడ్’ అను ఉచిత సాఫ్ట్‌వేరులో ఎవరో దొంగదారి అమర్చినట్లు బయటపడినది. దానిని చాలాకాలము జీతము లేక, తీరిక వేళలలో నిర్వహించినవారు ఒక స్వచ్ఛంద కార్యకర్త. ఆయన అలసియున్న సమయములో, సాయము చేయు నెపముతో చేరిన ఒక మారుపేరు మనిషి రెండు సంవత్సరములకు పైగా నమ్మకము సంపాదించి, 5.6.0, 5.6.1 అప్‌డేట్లలో విషము కలిపాడు. అవి ప్రధానముగా పరీక్షా దశలోని వ్యవస్థలకే చేరియుండగా పట్టుబడుట లోకము చేసికొన్న అదృష్టము.

మూడవది అదే సంవత్సరము జూలై 19న జరిగినది. క్రౌడ్‌స్ట్రైక్ అను భద్రతా సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన ఫైలు వలన సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో నిలిచిపోయినవి. ఆ ఫైలును 78 నిమిషములలో ఉపసంహరించినను, అప్పటికే పడిపోయిన యంత్రములలో అనేకమును ఒక్కొక్కటిగా మనుష్యులు సరిచేయవలసి వచ్చినది. మన దేశపు విమానాశ్రయములలోనూ కొన్నిచోట్ల చేతివ్రాతతో బోర్డింగు పాసులు ఇచ్చారు. ఇక్కడ దురుద్దేశము లేదు, అందరికీ ఒకేసారి పంపిన తొందరపాటు మాత్రమే ఉన్నది. ఇకపై విడతలవారీగా పంపెదమని ఆ సంస్థయే పిమ్మట ప్రకటించినది.

అప్‌డేట్ ఒకచోట మందు, ఒకచోట విషము, మరొకచోట ప్రమాదము అయినప్పుడు, అసలు దాని జోలికి పోకుండుట మేలు కాదా అని కొందరు అడుగవచ్చును. కాదనియే మా సమాధానము. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. అటువంటి వ్యవస్థను మార్పు లేక వాడుట, తాళము చెడినదని ఊరందరికీ తెలిసిన పిదప కూడ అదే తలుపు వేసికొని నిద్రించుట వంటిది. విషము కలిసిన అప్‌డేట్ అరుదు. మూయని కన్నము మాత్రము నిత్యమూ దొంగను పిలుచుచుండును.

మన కర్మాగారములలో కొత్త వాల్వును ముందుగా ఒక లైనులో బిగించి, నడిపి చూచి, ఆ తరువాతనే తక్కిన లైన్లకు పోవుదుము. కార్యాలయపు కంప్యూటర్లకూ అదే పద్ధతి తగును. ఇంటి వద్ద మాత్రము మూడు జాగ్రత్తలు చాలును. ముఖ్యమైన ఫోటోలు, కాగితముల నకలు వేరొక డిస్కులో ఉంచుకొనండి. అప్‌డేట్‌ను ఫోను లేక కంప్యూటరు సెట్టింగులనుండి మాత్రమే తీసికొనండి, ఎవరో పంపిన లింకు నుండి వలదు. ఆ పిమ్మట ఆలస్యము చేయకండి.

చివరిగా ఒక మాట. అర సెకను ఆలస్యమును పట్టించుకొన్న ఆ ఇంజనీరు మనకు కొత్తవారు కారు. మోటారు శబ్దములో చిన్న తేడా విని యంత్రము ఆపించే ఆపరేటర్లు మన ప్రతి షిఫ్టులోనూ ఉన్నారు. యంత్రములు ఎంత మారినను, వాటిని కాపాడునది ఆ శ్రద్ధయే.