అన్నం మానేసింది ఏ రోజున?

పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్‌లో ఒక తెలుగు ఇంటిని ఊహించుకోండి. తాతల కాలంలో శ్రీకాకుళం తీరం నుంచి వేటకు వచ్చి అక్కడే స్థిరపడిన కుటుంబం. ఇంట్లో ఎనిమిదేళ్ల అబ్బాయి. ఆదివారం రాత్రి చేపల పులుసుతో కడుపునిండా తిన్నాడు. మంగళవారం పొద్దునకల్లా ముద్ద నోట్లో పెట్టనివ్వలేదు. గొంతులో ఇరుక్కుని చచ్చిపోతానన్నాడు. బుధవారం మంచినీళ్లు ఇస్తే గ్లాసు కడిగారా అని పదిసార్లు అడిగాడు. రాత్రంతా అమ్మ కొంగు వదల్లేదు. అమ్మమ్మ ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీసింది. నాన్న గదమాయించాడు. అంతా గారాబమేనని పక్కింటివాళ్లు తేల్చేశారు. మూడు వారాల క్రితం వాడికి గొంతునొప్పి, జ్వరం వచ్చి తగ్గిన సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

ఈ కుటుంబం కల్పితం. కానీ ఈ లక్షణాల వరుస కల్పితం కాదు. వైద్యులు దీన్ని పాతికేళ్లకు పైగా నమోదు చేస్తూనే ఉన్నారు.

అమెరికాలోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థకు చెందిన సుసాన్ స్వీడో బృందం 1998లో 50 మంది పిల్లల వివరాలను ప్రచురించింది. గ్రూప్ ఏ స్ట్రెప్టోకోకస్ అనే బ్యాక్టీరియా సోకిన తర్వాత వారిలో ఓసీడీ, అంటే వదలని భయాలు, చేసిందే చేయడం, లేదా కండరాల అదుర్లు ఒక్కసారిగా బయటపడ్డాయి, లేదా ఉన్నవి ముదిరాయి. ఈ స్థితికి పాండాస్ అని పేరు పెట్టారు. అయితే అన్ని కేసుల్లోనూ స్ట్రెప్టోకోకస్ ఆనవాలు దొరకలేదు. అందుకే 2012లో పాన్స్ అనే విస్తృతమైన నిర్వచనం వచ్చింది. అందులో తిండికి నేరుగా చోటిచ్చారు. ఓసీడీ గానీ, తిండిని తీవ్రంగా తగ్గించేయడం గానీ హఠాత్తుగా మొదలవ్వాలి. దాంతోపాటు విపరీతమైన ఆందోళన, కోపం, పసితనపు చేష్టలు, చదువులో వెనకబాటు, చేతిరాత చెడిపోవడం, నిద్రలేమి, పక్క తడపడం వంటి మార్పుల్లో కనీసం రెండు రకాలు అదే సమయంలో కనబడాలి. ఇవన్నీ వేరే జబ్బు వల్ల వచ్చినవి కావని కూడా తేలాలి.

ఈ పిల్లలు తిండి మానేది సాధారణంగా సన్నబడాలని కాదు. ముద్ద ఇరుక్కుంటుందని, వాంతి అవుతుందని, అన్నంలో విషమో మురికో ఉందని భయం. కొందరికి నిన్నటిదాకా ఇష్టపడిన పప్పు వాసనే పడదు. నోట్లో మెత్తగా తగిలితే చాలు, ఉమ్మేస్తారు. అద్దం ముందు నిలబడే టీనేజీ అమ్మాయిలకే తిండి రుగ్మతలు వస్తాయన్న సాధారణ అభిప్రాయానికి వీరు అందరు. అందుకే వీరి ఇబ్బంది ఇంట్లోనూ, ఆస్పత్రిలోనూ సులువుగా మారాం కిందికే పోతుంది.

రోగనిరోధక వ్యవస్థ మెదడు జోలికి ఎలా వెళ్తుంది? దీనికి పాత ఉదాహరణే ఉంది. స్ట్రెప్టోకోకస్ గొంతునొప్పి తర్వాత కొందరు పిల్లలకు రుమాటిక్ జ్వరం వస్తుంది. బ్యాక్టీరియా మీదికి తయారైన యాంటీబాడీలు, దాన్ని పోలిన శరీర కణజాలాన్ని కూడా శత్రువనుకుంటాయి. గుండె కవాటాలు దెబ్బతింటాయి. కొందరిలో ఇదే పొరపాటు మెదడు లోతుల్లోని బేసల్ గాంగ్లియా అనే భాగంలో జరిగి, కాళ్లూ చేతులూ వాటంతటవే మెలితిరిగే సిడెన్‌హామ్ కొరియా వస్తుంది. పాన్స్, పాండాస్‌లలో కూడా ఇలాంటిదే జరుగుతోందన్నది పరిశోధకుల ప్రతిపాదన. కదలికలనే కాక అలవాట్లనూ, ఒక పని చాలు ఇక ఆపు అనే సంకేతాన్నీ నడిపేవి బేసల్ గాంగ్లియా వలయాలే. ఎలుకల ముక్కుల్లోకి పదేపదే స్ట్రెప్టోకోకస్‌ను ఎక్కించి చూసిన ఒక అధ్యయనం 2016లో వెలువడింది. నిరోధక వ్యవస్థలోని టీ కణాలు మెదడులోకి చేరడం, మెదడుకు కాపలా కాసే రక్తనాళాల గోడ సడలడం అందులో కనిపించాయి.

ఇంతవరకు చదివి ప్రతి తిండి పేచీకీ యాంటీబయాటిక్ అడిగితే అది పెద్ద తప్పు. పాన్స్‌ను ఖాయం చేసే రక్తపరీక్ష ఇప్పటికీ లేదు. ప్రపంచవ్యాప్త అధ్యయనాలను కలిపి చూస్తే, ఏ జబ్బూ లేని పిల్లల్లో దాదాపు 12 శాతం మంది గొంతులో ఈ బ్యాక్టీరియా ఊరకే ఉంటుంది. ఏఎస్‌ఓ పరీక్షలో అంకె ఎక్కువ వచ్చిందంటే ఎప్పుడో ఇన్ఫెక్షన్ వచ్చిందని అర్థమే తప్ప, ఇప్పటి భయానికి అదే కారణమని కాదు. చికిత్స సంగతీ అంతే. దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలను నరంలోకి ఎక్కించే ఐవీఐజీ, ప్లాస్మా మార్పిడి బాగా పనిచేశాయని సుమారు 30 మంది పిల్లలపై చేసిన ప్రయోగం 1999లో చెప్పింది. 35 మందిపై జరిపిన ప్రయోగం 2016లో ఐవీఐజీకీ ఉత్తుత్తి మందుకూ చెప్పుకోదగ్గ తేడా లేదంది. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2024 డిసెంబరులో వెలువరించిన నివేదిక కూడా ఈ స్థితిని కొట్టిపారేయకుండానే, నిర్ధారణలోనూ మందుల్లోనూ జాగ్రత్త అవసరమని చెప్పింది.

వైద్యలోకం ఇంకా వాదించుకుంటున్న జబ్బు గురించి అండమాన్‌లోని తల్లిదండ్రులకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు డాక్టరుకు ఎందుకు చెప్పాలి? ఎందుకంటే వాదన కారణం మీద, మందు మీద. తిండి హఠాత్తుగా మానేసిన పిల్లవాడికి ప్రమాదముందన్న దానిపై వాదన లేదు. నీళ్లు కూడా మానేస్తే రెండు మూడు రోజుల్లో పరిస్థితి విషమించవచ్చు. నాడి నెమ్మదిస్తుంది, రక్తంలో చక్కెర పడిపోతుంది. వారాల తరబడి పస్తున్న పిల్లవాడికి ఒక్కసారిగా కడుపునిండా పెట్టినా ప్రమాదమే. రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి గుండె లయ తప్పవచ్చు. తిరిగి తినిపించడం కూడా వైద్యుల పర్యవేక్షణలో జరగాలి.

ఇంకో కారణం దూరం. పోర్ట్ బ్లెయిర్ నుంచి చెన్నైకి, విశాఖపట్నానికి సముద్రంపై దాదాపు 1,200 కిలోమీటర్లు. ఓడలో దాదాపు మూడు రోజులు. 1969 నుంచి మాజీ సైనికుల కుటుంబాలను స్థిరపరిచిన గ్రేట్ నికోబార్‌లో ఆంధ్ర నుంచి వచ్చినవారూ ఉన్నారు. అక్కడి క్యాంప్‌బెల్ బే నుంచి పోర్ట్ బ్లెయిర్‌కే 500 కిలోమీటర్లకు పైగా ప్రయాణం. హైదరాబాద్‌లో పిల్లల నరాల డాక్టరును కలవడానికి ఒక పూట సెలవు పెడితే చాలు. దీవుల్లో అదే పని ఒక యాత్ర. అంత దూరం ఎవరిని, ఎప్పుడు పంపాలో తేల్చాల్సింది ఆ పిల్లవాణ్ని మొదట చూసిన డాక్టరే. ఆ నిర్ణయానికి కావలసిన అతి ముఖ్యమైన సమాచారం ఖరీదైన పరీక్షలో లేదు, ఇంట్లోవాళ్ల జ్ఞాపకంలో ఉంది. అన్నం మానేసింది ఏ రోజున?

ఆ ప్రశ్న చిన్నదే గాని అది జబ్బులను రెండు దారులుగా విడదీస్తుంది. నెలల తరబడి మెట్లు దిగినట్టు తగ్గిన తిండి ఒకటి. దాని వెనుక క్షయ, పేగుల జబ్బులు, బడిలో వేధింపులు, బరువు గురించిన దిగులు, ఇలా ఎన్నో ఉండొచ్చు. గట్టు మీంచి జారినట్టు ఒకటి రెండు రోజుల్లో పడిపోయిన తిండి ఇంకొకటి. దీనికీ ఒకే కారణం ఉండదు. నిజంగానే ముద్ద గొంతుకడ్డం పడిన అనుభవం కావచ్చు, ఎవరో భయపెట్టిన సంఘటన కావచ్చు, పాన్స్ కావచ్చు. మూర్ఛ, నోరూ ముఖమూ వింతగా కదలడం, మాట తగ్గిపోవడం, స్పృహ తప్పుతూ ఉండటం తోడైతే ఎన్‌ఎండీఏ రిసెప్టర్ ఎన్‌కెఫలైటిస్ వంటి మెదడువాపు కావచ్చు. యాంటీబాడీలే నేరుగా మెదడు గ్రాహకాలపై దాడిచేసే ఈ జబ్బును 2007లో జోసెప్ దాల్మౌ బృందం గుర్తించింది. మొదట్లో పిచ్చిలా కనబడే ఈ జబ్బు, సకాలంలో పట్టుకుంటే చాలామందిలో నయమవుతుంది. అలాంటి సూచన కనిపిస్తే ఓడ కోసం ఎదురుచూడకూడదు.

ఎప్పుడు, ఎక్కడ, ఎవరికి అన్న ప్రశ్నల విలువ అండమాన్‌కు కొత్త కాదు. ఉత్తర అండమాన్‌లోని దిగ్లీపూర్ ప్రాంతంలో 1988 నుంచి వానల తర్వాత ఒక జ్వరం విరుచుకుపడేది. ఊపిరితిత్తుల్లో రక్తస్రావమై మనుషులు చనిపోయేవారు. పేరు తెలియక అండమాన్ హెమరేజిక్ ఫీవర్ అనేవారు. అది లెప్టోస్పైరోసిస్ అని 1990లలో తేలింది. ఆ పని చేసింది పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉన్న, భారత వైద్య పరిశోధన మండలికి చెందిన ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రం. ఊరూ పేరూ లేని జ్వరానికి పేరు కనిపెట్టిన ఈ దీవులకు, పిల్లల గొంతునొప్పుల తేదీలు రాసిపెట్టుకోవడం కష్టమేమీ కాదు.

కొత్త పథకం కూడా అక్కర్లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్లలోపు పిల్లలకు పరీక్షలు చేస్తారు. వారు వెతకాల్సిన జబ్బుల జాబితాలో రుమాటిక్ గుండె జబ్బు ముందే ఉంది. దాని మూలం కూడా అదే స్ట్రెప్టోకోకస్. కాబట్టి బడిలో పిల్లల గొంతునొప్పిని పట్టించుకోవడం ఏ వాదన ఎటు తేలినా వృథా కాదు. పాన్స్ సిద్ధాంతం రేపు తప్పని తేలినా, ఒక పిల్లవాడి గుండె కవాటం మిగులుతుంది. ఆ పరీక్షల కాగితంలో రెండు వరుసలు చేర్చాలి. పోయినసారి కంటే బరువు తగ్గిందా? తిండిలో, ప్రవర్తనలో ఒక్కసారిగా మార్పు వచ్చిందా, వస్తే ఏ తేదీన? అంగన్‌వాడీ వయసు దాటాక నెలనెలా బరువు చూసేవారుండరు గనుక ఈ రెండు వరుసలూ మరీ అవసరం.

సమాధానం అనుమానాస్పదంగా ఉంటే తర్వాతి మెట్టుకు కూడా దారి ఉంది. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కూ మరో ఏడు దీవులకూ వేసిన 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. గ్రేట్ నికోబార్, కార్ నికోబార్ కూడా అందులో ఉన్నాయి. ఈ-సంజీవని ద్వారా ఒక డాక్టరు మరో చోటి నిపుణుణ్ని సంప్రదించవచ్చు. మానసిక ఆరోగ్య సలహాకు 2022 అక్టోబరు 10న మొదలైన టెలి-మానస్ నంబరు 14416 ఉంది. అండమాన్ జనాభాలో, 2011 లెక్కల ప్రకారం, వందకు 13 మంది మాతృభాష తెలుగు. భయాన్ని పిల్లవాడు తన భాషలోనే చెప్పగలడు. ముద్ద ఇరుక్కుంటుందనడానికీ, ఆకలి లేదనడానికీ ఉన్న తేడా అనువాదంలో పోతే సగం జబ్బు పోయినట్టే.

ఈలోగా ఇంట్లో చేయగలిగింది తక్కువేమీ కాదు. దిష్టి తీసినా ఫర్వాలేదు, కానీ ఆ సాయంత్రమే ఆస్పత్రికీ వెళ్లాలి. కొట్టి తినిపిస్తే గొంతు భయం ఇంకా బిగుస్తుంది. ద్రవాలు, మెత్తని గంజి, ఏది దిగితే అది కొద్దికొద్దిగా ఇవ్వాలి. తిన్నదీ తాగిందీ, మూత్రం పోసిందీ రాసుకోవాలి. పేరు ఏదైనా, భయాన్ని మెల్లగా ఎదుర్కోవడం నేర్పే ప్రవర్తనా చికిత్స ఉపయోగపడుతుంది. స్ట్రెప్టోకోకస్ ఉందని పరీక్షలో తేలితే డాక్టరు చెప్పిన యాంటీబయాటిక్‌ను చెప్పినన్ని రోజులూ వాడాలి. తేలకపోతే పాత చీటీ చూపించి దుకాణంలో కొనకూడదు.

జంగ్లీఘాట్ అబ్బాయికి పాన్స్ ఉందో లేదో ఈ వివరాలతో ఎవరూ చెప్పలేరు. అతణ్ని చూసిన డాక్టరు కూడా మొదటి రోజే చెప్పలేకపోవచ్చు. కానీ ఆదివారం తిన్నాడు, మంగళవారం మానేశాడు, అంతకు మూడు వారాల ముందు గొంతునొప్పి అన్న మూడు ముక్కలు ఆ చీటీ మీద ఉంటే, చెన్నైలోని నిపుణుడు ఫోనులోనే సగం దూరం రాగలడు. అవి లేకపోతే ఆ పిల్లవాడు మొండివాడిగానే మిగిలిపోతాడు. బలవంతాన ముద్ద కుక్కే ముందు ఇంట్లోవాళ్లు క్యాలెండర్ దగ్గరికి వెళ్లి, ఆ రోజు చుట్టూ ఒక గీత గీస్తే చాలు, వైద్యం మొదలైనట్టే.