లెక్కలున్నవి, చదివేవారేరి?

న్యూఢిల్లీ: పోలీసు, శాంతిభద్రతలు రాజ్యాంగరీత్యా రాష్ట్రాల జాబితాలోనివి. నేరస్థునికి ఆ జాబితాతో నిమిత్తం లేదు. జార్ఖండ్‌లోని ఉక్కు నగరం జంషెడ్‌పూర్‌నే తీసుకుందాం. అది ఉన్న తూర్పు సింగ్‌భూమ్ జిల్లాకు ఒకవైపు పశ్చిమ బెంగాల్, మరోవైపు ఒడిశా సరిహద్దులు. రాత్రి దొంగిలించిన వాహనం తెల్లవారేసరికి మరో రాష్ట్ర పోలీసుల పరిధిలో ఉండగలదు.

ఈ చిక్కును తీర్చుటకే 2009లో కేంద్రం 2,000 కోట్ల రూపాయలతో పోలీసు స్టేషన్లను కంప్యూటర్లతో అనుసంధించే పథకాన్ని మంజూరు చేసింది. సమాచారం పోగవుతున్నది. దాని నుండి నేరాల పోకడను పసిగట్టవలసినది ప్రాంతీయ పరిశోధన. జాతీయ నేర రికార్డుల బ్యూరో వార్షిక నివేదికలో మహానగరాల అధ్యాయం 20 లక్షల జనాభా మించిన 19 నగరాలకే పరిమితం. 2011 జనాభా లెక్కల ప్రకారం 13 లక్షలు దాటిన జంషెడ్‌పూర్‌కు అందులో చోటు లేదు. అదే బ్యూరో వెలువరించే ఆత్మహత్యల నివేదికలో మాత్రం 53 నగరాల సరసన దాని పేరు కనిపిస్తుంది! జిల్లా పట్టికలో అంకెలున్నా, అందులో నగరమూ పల్లెలూ కలిసిపోయినవి.

ఏటా అనేక శాఖల పద్దులు చర్చ లేకుండానే గిలెటిన్‌తో గట్టెక్కుతున్నవి. హోంశాఖ పద్దు చర్చకు వచ్చిననాడు సభ్యులు అడగదగిన ప్రశ్న ఒక్కటే: మూడు రాష్ట్రాల అంకెలను ఒక్కచోట పరచి చదివే విశ్లేషకుని జీతం ఏ పద్దులో ఉన్నది?